నా మీద వాలిన పక్షి

నేను సున్నపురాయిని. పుట్టింది జర్మనీలో, బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనుల్లో. దాదాపు పదిహేను కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే నేనయ్యాను. ఆదిపక్షి ఆర్కియాప్టెరిక్స్ శిలాజం 1861లో బయటపడింది మా రాళ్ళలోనే. మాకంత నునుపు, అంత సన్నని రేణువు ఉండబట్టే లితో అచ్చుకు, అంటే రాతి అచ్చుకు, మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. అలా పారిస్‌ చేరాను, షాబ్రోల్ వీధిలోని మూర్లో అచ్చుశాలకు. మాటిస్, బ్రాక్, దుబుఫే వంటి చిత్రకారులు పనిచేయించుకున్న చోటది.

నా మీద గీసింది జార్జ్ బ్రాక్. తండ్రి ఇళ్ళకు రంగులు వేసేవాడు, కొడుకూ ముందు ఆ పనే నేర్చాడు. 1950ల్లో ఆయన మనసంతా పక్షుల మీదే. జిడ్డు క్రేయాన్‌తో నా మీద ఒక రెక్క సాచాడు. అంచు దగ్గర గట్టిగా నొక్కాడు, కొసకు వచ్చేసరికి చెయ్యి తేల్చేశాడు. నా సన్నని రేణువులకు తగిలిన క్రేయాన్ మధ్యమధ్య తెల్లని చుక్కలు వదిలేసింది. తరవాత పనివాళ్ళు బంక, ఆమ్లం పూశారు, నీళ్ళతో తడిపారు, సిరా రోలరు దొర్లించారు. తడి ఉన్నచోట సిరా అంటలేదు, జిడ్డున్నచోట పట్టుకుంది. 1790ల్లో సెనెఫెల్డర్ కనిపెట్టిన కిటుకు ఇదే. రంగుకో రాయి కావాలి. నా వంతు నలుపు.

75 ప్రతులు తీశారు. బ్రాక్ ఒక్కొక్కటే చూసి, కింద అంచున పెన్సిలుతో సంతకం చేశాడు. ఎడమవైపు సంఖ్య పడింది. చిత్రకారుడి సొంత ప్రతులకు సంఖ్య బదులు ఇ.ఎ. అని రాస్తారు.

ఆ పైన నా మీద ఇసుక, నీళ్ళు పోసి ఇంకో రాయితో రుద్దారు. పక్షి పోయింది. బాధేసింది. కానీ అది చెరిగిపోతేనే కదా ఆ 75 అన్న అంకెకు విలువ! డెబ్బయ్యారో ప్రతి ఇక ఎవరి తరమూ కాదు.

సేకరించేవాళ్ళు ముందు సంతకం చూస్తారు. నన్నడిగితే ముందు భూతద్దం తీయమంటాను. రాతి అచ్చులో చుక్కలు ఒక క్రమం లేకుండా చెల్లాచెదురుగా ఉంటాయి. బారులు తీరిన చుక్కలు కనిపిస్తే అది ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసిన నకలు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టండి, ఆర్ష్ కాగితపు వాటర్‌మార్కు ఉందేమో చూడండి. పెన్సిలు గీత వాలుగా చూస్తే మెరవాలి. అంచులు కత్తిరించినా, ఎండకు రంగు వెలిసినా, నాసిరకం అట్ట వల్ల గోధుమ మరక పడినా ధర పడిపోతుంది. ఇంకో చిక్కుంది: చిత్రకారుడి బొమ్మ చూసి అచ్చుశాల నిపుణుడు గీసినవాటి మీద కూడా అసలు సంతకాలు ఉంటాయి. వాటిని "దాప్రే" అంటారు. అది మోసం కాదు, కానీ అమ్మేవాడు ఆ ముక్క చెప్పి అమ్మాలి. చనిపోయినవాళ్ళ పేర్లు పోస్టర్ల మీద గిలికి అమ్మేవాళ్ళను తలుచుకుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

సంతకమున్న ఆఫ్‌సెట్ నకలు, సంతకం లేని రాతి అచ్చు ఒకే ధరకు దొరికితే రాతి అచ్చే తీసుకోండి. బ్రాక్ ఎక్కడ నొక్కాడో, ఎక్కడ చెయ్యి తేల్చాడో ఆ రెక్కలో ఇప్పటికీ కనిపిస్తుంది. దుకాణదారు ఫ్రేము విప్పి చూపించనంటే మాత్రం ఏదీ కొనకండి.