నా తీగ మీద మూడో చెవి

బెంగళూరు ఐ.టి.ఐ. ఫ్యాక్టరీలో పుట్టాను. నల్లటి ఒళ్ళు, పది చిల్లుల డయలు, చేతికి బరువుగా తగిలే రిసీవరు. కోరుకొండలో నరసింహస్వామి కొండ కనబడే కిటికీ పక్కన, ఒక సోషల్ మాస్టారి బల్ల మీద నన్ను పెట్టారు. ఊళ్ళో కరెంటు పోయినా నేను పలికేదాన్ని, ఎందుకంటే నాకు కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి తీగలోనే వచ్చేవి. ఆ తీగల జతకి దారిలో ఎక్కడ ఇంకో రిసీవరు తగిలించినా మా మాటలన్నీ అక్కడా వినబడతాయి. అలా తగిలించిన సంగతి ఇవతల నాకు తెలిసే దారే లేదు.

హైదరాబాదుకి ట్రంకు కాల్ బుక్ చేసుకునే రోజుల్లో లైను కలిసిందో లేదో ఆపరేటరు విని చూసేవాడు. "మూడు నిమిషాలయిందండి" అని మధ్యలో పలికేవాడు కూడా. అది అందరికీ తెలిసిన చెవి, దానితో నాకు పేచీ లేదు. పలకని చెవి సంగతే మాస్టారిని చివరిదాకా వదల్లేదు. 1988 ఆగస్టులో ఫోన్ల ట్యాపింగు గొడవ మీద కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేసిన రోజు, రాజమండ్రిలో ఉన్న ప్లీడరు స్నేహితుడితో నా ద్వారానే చాలాసేపు మాట్లాడారు. తెల్లవాళ్ళు 1885లో చేసిన టెలిగ్రాఫ్ చట్టంలో అయిదో సెక్షను ఒక్కటి చాలునట, ప్రజాభద్రత పేరు చెప్పి ఎవరి మాటలైనా వినడానికి. "వినమన్నవాణ్ణి అడిగేవాడెవడండీ?" అన్నారు మాస్టారు. ప్లీడరుగారి దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నకి సగం జవాబు 1994లో అమెరికా నుంచి వచ్చింది. మాస్టారి పెద్దబ్బాయి వర్జీనియాలో ఉద్యోగం. ఆగస్టులో ఓ ఆదివారం ఫోను చేశాడు.

"నాన్నగారండీ, మా దగ్గర చాంటిల్లీలో పేద్ద భవనం కడుతున్నారని చెప్పాను కదా, రాక్‌వెల్ కంపెనీదని. కంపెనీది కాదటండీ. గూఢచారి ఉపగ్రహాలు నడిపే ఎన్.ఆర్.ఓ. సంస్థకి అది కొత్త హెడ్‌క్వార్టర్స్ అట."

"ఎంతవుతుందిరా?"

"35 కోట్ల డాలర్ల దాకా అంటున్నారండీ. అంత ఖర్చని మాకు చెప్పలేదని సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీవాళ్ళు మండిపడుతున్నారు. సంస్థవాళ్ళేమో బడ్జెట్ కాగితాల్లో ఇచ్చామంటున్నారు."

"ఎన్ని కాగితాల్లో, ఎక్కడెక్కడ ముక్కలు చేసి ఇచ్చారో అది అడగమను."

మాస్టారు సరిగ్గా అసలు చోటే పట్టుకున్నారు. లెక్క కాగితాల మీద ఉండడం వేరు, చదివేవాడికి అది ఒకచోట కనబడడం వేరు. 1961లో పుట్టిన ఆ సంస్థ ఉందన్న సంగతే 1992 దాకా ప్రభుత్వం బయటపెట్టలేదు. అలాంటిదాన్ని కమిటీ అధ్యక్షుడు డెనిస్ డికాన్సిని, అవతలి పార్టీకి చెందిన జాన్ వార్నర్ కలిసి బహిరంగంగా నిలదీశారు. రెండు పార్టీలూ కలిసి అడిగాయి కాబట్టే ఆ ప్రశ్నకి బలం వచ్చిందని నేను నమ్ముతాను. మరుసటి ఏడు ఆ సంస్థ దగ్గర ఖర్చు కాకుండా పోగుపడిన వంద కోట్ల డాలర్ల పైచిలుకు సొమ్ము బయటపడింది. 1996 ఫిబ్రవరిలో డైరెక్టరు పదవి పోయింది. ఉపగ్రహాల రహస్యాలేమీ బజారున పడలేదు.

ఆ ఏడాది చివర్లోనే, డిసెంబరు 18న, మన సుప్రీంకోర్టు పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్. కేసులో తీర్పు చెప్పింది. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగు మీద సి.బి.ఐ. నివేదిక బయటికొచ్చాక వేసిన కేసది. ఫోను వినాలంటే హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలనీ, ఆ ఉత్తర్వుని సమీక్షా సంఘం చూడాలనీ కోర్టు చెప్పింది. మాస్టారు పేపరు చదివి సంతోషించారు గానీ ఒక్కమాట అన్నారు: "అధికారి రాసింది మళ్ళీ అధికారే చూస్తాడు. మనం ఓటేసినవాడు అందులో ఎక్కడా లేడు."

ఆయన పోయారు. నా లైనూ తీసేశారు. అయినా ఆయన మనవరాలు నన్ను ఆ బల్ల మీదే ఉంచింది. రాజమండ్రి కోర్టులో ప్రాక్టీసు చేస్తుంది. నా పక్కన కూర్చుని సెల్లులో మాట్లాడుతుంది, కాబట్టి లోకం నాకింకా వినబడుతూనే ఉంది.

2022 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఫోన్ల మీద నిఘా వేసే పెగాసస్ సాఫ్ట్‌వేరు వ్యవహారం మీద భూమన కరుణాకర రెడ్డి అధ్యక్షతన సభా సంఘం వేసింది. నాకెంతో ఆశ కలిగింది. అంతకుముందున్న తెలుగుదేశం ప్రభుత్వం ఆ సాఫ్ట్‌వేరుని కొన్నదా అన్నది ప్రశ్న. 2019 మే దాకా కొనలేదని మాజీ ఇంటెలిజెన్స్ అధిపతి ఎ.బి. వెంకటేశ్వరరావు పత్రికల ముందు చెప్పారు. సెప్టెంబరులో వచ్చిన మధ్యంతర నివేదిక ఎక్కువగా పౌరుల డేటా చౌర్యం గురించి మాట్లాడింది. తెలుగుదేశం ఆ ఆరోపణలని కొట్టిపారేసింది. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. గద్దె దిగిన ప్రభుత్వాన్ని గద్దెనెక్కిన పార్టీ అడగడమే మన దగ్గర పర్యవేక్షణ అయిపోయిందన్నదే నా బాధ. అధికారంలో ఉన్నవాళ్ళు ఈ పూట ఎవరి మాటలు వింటున్నారో ఈ పూటే అడగాలి.

తరవాత తెలంగాణ. 2023 డిసెంబరులో, ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు, స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని పోలీసుల అభియోగం. మావోయిస్టుల మీద నిఘా కోసం పెట్టిన ఆ విభాగంలో రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారనీ కేసు పెట్టారు. ఎవరు దోషులో కోర్టు చెబుతుంది. కానీ ఏడాదికోసారి శాసనసభ సంఘం ఒకటి ఆ గదిలోకి వెళ్ళి రికార్డులు చూసే పద్ధతే ఉంటే, డిస్కులు విరగ్గొట్టే ధైర్యం ఎవరికైనా ఉండేదా?

కేంద్రంలోనూ ఇదే తీరు. ఇంటెలిజెన్స్ బ్యూరోకి 1887 నుంచి చరిత్ర ఉంది, పార్లమెంటు చేసిన చట్టం మాత్రం లేదు. 2011లో ఎం.పి. మనీష్ తివారీ దానికోసం ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 2024 డిసెంబరులో ఫోన్లు వినడం మీద కొత్త నిబంధనలు వచ్చిన రోజు మనవరాలు వాటిని పైకి చదివింది. రాష్ట్రంలో సమీక్షా సంఘమంటే ప్రధాన కార్యదర్శి, న్యాయ శాఖ కార్యదర్శి, హోం కాక మరో శాఖ కార్యదర్శి. అంతా అధికారులే.

ఆ రాత్రే ఆవిడ ఈ నియోజకవర్గం శాసనసభ్యుడికి ఉత్తరం రాసింది. ఎవరి ఫోను విన్నారో చెప్పనక్కర్లేదు, ఏడాదిలో ఎన్ని ఉత్తర్వులిచ్చారో, ఎన్ని రద్దయ్యాయో ఆ సంఖ్యలు సభ ముందు పెట్టాలని అడిగింది. ఇంటెలిజెన్స్ విభాగం ఖర్చులు చూడడానికి శాశ్వత సభా సంఘం కావాలంది. ప్రజా పద్దుల సంఘానికి సంప్రదాయంగా ప్రతిపక్షం నుంచే అధ్యక్షుణ్ణి పెట్టేవారు కదా, దీనికీ అలాగే పెట్టమంది. కాపీ ఒకటి ప్రతిపక్షం వాళ్ళకీ పంపింది.