మొదటి ఇరవై నిమిషాలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాల మిల్లు 1960లో మొదలైంది. ఆ మిల్లు ఆయిల్ సెల్లార్‌లో ముప్పైఅయిదేళ్లు పనిచేసి రిటైరయినవాడు మా మావయ్య. శ్రీకాకుళం జిల్లా నుంచి పొట్ట చేతపట్టుకొచ్చినవాడు. ఏ బేరింగుకి ఏ నూనె, ఎంత ప్రెషర్‌తో వెళ్లాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

రిసాలీలో ఇల్లు కట్టుకున్నాక తన పాత అంబాసిడర్‌కి ఇంజన్ పని చేయించాడు. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. దానికి క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే ఉంటుంది. ట్యాపెట్లు, పుష్ రాడ్లు, రాకర్లు, ఇన్ని కదిలితేగానీ వాల్వు తెరుచుకోదు. బోరింగ్ చేయించి, కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు వేయించాడు. పని చేసింది క్యాంప్-2 కుర్రాడు, మన తెలుగువాడే. చేతిలో పనున్నవాడు.

నెల తిరక్కుండానే టిక్కుటిక్కుమని చప్పుడు. ట్యాపెట్ గ్యాప్ సరిచేస్తే నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ పెరిగేది. గ్యాప్ ఊరికే పెరగదు, లోపల ఏదో అరిగిపోతోందన్నమాట. ఆ తర్వాత కార్బురేటర్‌లోంచి ఎదురు కొట్టడం మొదలైంది. ఎగ్జాస్ట్ వాల్వు సరిగా లేవకపోతే కాలిన పొగ పోయే దారిలేక అలాగే వెనక్కి తంతుంది. ఆయిల్ దింపితే అడుగున తళతళలాడే ఇనప పొడి.

రాయ్‌పూర్ నుంచి పెద్ద మేస్త్రీ ఒకాయన్ని పిలిపించాడు. ఆయన పుష్ రాడ్ల మీద డయల్ గేజ్ ఆనించి ఒక్కో క్యామ్ ఎంత లేపుతోందో చూశాడు. రెండింటి దగ్గర ముల్లు సగం కూడా కదల్లేదు. ఇంజన్ పక్క మూతలు విప్పి, ఒక ట్యాపెట్ తీసి మావయ్య అరచేతిలో పెట్టాడు. కాస్త ఉబ్బెత్తుగా ఉండాల్సిన అడుగు ప్రమిదలా గుంటపడింది. ఆ ఉబ్బు ఉంటేనే ట్యాపెట్ తన చుట్టూ తాను తిరుగుతూ పనిచేస్తుంది. తిరగడం ఆగిందా, ఒకేచోట రాసుకుని అదీ పోతుంది, క్యామూ పోతుంది.

"ఆయిల్ నేనే తెచ్చాను మేస్త్రీ," అన్నాడు మావయ్య. "పొగగొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకూడదని ఇప్పటి పెట్రోల్ కార్ల నూనెల్లో జింక్, ఫాస్ఫరస్ తగ్గించేశారు. ఇలాంటి ఇంజన్‌కి అవి చాలవు. అందుకే జింక్ ఎక్కువున్నది వెతికి మరీ తెచ్చాను."

మేస్త్రీ డబ్బా చూసి తలూపాడు. సామానూ మంచిదే.

"అయితే మొదటి స్టార్టింగులోనే పోయింది బాబూ."

కొత్త క్యామూ కొత్త ట్యాపెట్లూ ఒకదానికొకటి కుదురుకునేది మొదటి ఇరవై నిమిషాల్లోనే. అంతసేపూ ఇంజన్ రెండువేల ఆర్‌పీఎం పైనే తిరగాలి. క్యామ్ లోబ్‌లు తడిసేది క్రాంకు చిమ్మే నూనెతో. స్లోలో ఉంటే ఆ చిమ్మేది చాలదు, పైగా స్ప్రింగు బలమంతా లోబ్ కొన మీదే పడుతుంది. ఇంజన్ పని చేయించే ప్రతి ఇంట్లోనూ ఈ ఒక్క సంగతి తెలిసుంటే ఎన్ని క్యామ్‌లు బతికేవో!

మావయ్యకి ఇంకేం కావాలి? "తాళం తిప్పింది వాడే!" అన్నాడు. ఇవ్వాల్సిన మజూరీ ఆపేశాడు. నందినీ రోడ్డులో ఉన్న గ్యారేజీలన్నిటికీ చెప్పాడు. అక్కడ నోటిమాటే సర్టిఫికెట్. కుర్రాడు గేటు దగ్గరికొచ్చి "సార్, ఆ రోజు నేను..." అంటుండగానే తలుపేసేశాడు. దుర్గ్‌లో పంక్చర్ల షాపులో కుదిరాడని తర్వాత తెలిసింది. ఇంజన్ విప్పి బిగించగల చేతులు ట్యూబులకి అతుకులు వేయడం నాకిప్పటికీ మింగుడుపడదు.

సంక్రాంతికి బావ అమెరికా నుంచి వచ్చాడు. కారు స్టార్టయిన రోజు మావయ్య మురిసిపోతూ తీయించి పంపిన వీడియోని అందరి ముందూ టీవీలో పెట్టాడు. బానెట్‌కి పసుపూ కుంకుమా, టైర్ల కింద నిమ్మకాయలు, పూజారిగారి అష్టోత్తరం. ఇంజన్ స్లోలో మెత్తగా తిరుగుతోంది. వీడియో సాగుతూనే ఉంది. ఒక పక్క నుంచి కుర్రాడు కార్బురేటర్ మీదికి చెయ్యి చాపాడు. మావయ్య తోసేశాడు. వాడు మళ్లీ చాపాడు.

"రేస్ పెంచాలి సార్. లేదంటే ఆపేద్దాం. క్యామ్ పోతుంది సార్."

"హారతి అయ్యేదాకా ముట్టుకోకు. ముప్పైఅయిదేళ్లు మిల్లుకి నూనె పట్టినవాణ్ణి, నాకు చెబుతావా?"