మా దగ్గర అసుంటిదేం లేదు!

జాతి వివక్ష అనేది అమెరికాలో ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ఉండేది. ఆదిలాబాద్‌లో మాత్రం లేదు. నమ్మకపోతే బస్టాండ్ ముందు చాయ్ తాగుతున్న ఎవరినైనా అడగండి. "మా దగ్గర అసుంటిదేం లేదు సార్, అందరం కలిసిమెలిసి ఉంటం" అంటారు. "మరి గోండులతో?" అని అడగండి. "వాళ్లా? పాపం, మంచోళ్లే. ఎంత చెప్తే అంత. జర తెల్వి తక్వ, గంతే."

కల్లాకపటం లేకుండా ఇంత మాట అనగలగాలంటే చాలా చదువుకోవాలి. ఆ చదువు ఎక్కడ దొరుకుతుందో ప్రజల సౌకర్యార్థం ఇక్కడ వివరిస్తున్నాను. ఫీజు లేదు, ఎంట్రన్స్ లేదు. ఈ కోర్సులో ఫెయిలైనవాడు ఇంతవరకు కనబడలేదు.

మొదటి తరగతి సంతలో. కందులు చేతికొచ్చే రోజుల్లో ఏజెన్సీలోని ఏ సంతకైనా వెళ్లి, ఒక సేటు దుకాణం పక్కన కాసేపు నిలబడండి. తక్కెడ దగ్గర సేటు, పక్కనే బడి ఎగ్గొట్టి వచ్చిన పదేళ్ల కొడుకు. ప్యాంటు షర్టు వేసుకున్న గిరాకీ రాగానే "రాండ్రి సార్, కుర్సీల కూసోండ్రి" అంటాడు తండ్రి. తర్వాత తెల్ల తలపాగా, మోకాళ్ల దాకా ధోవతి కట్టిన ముసలాయన మూట దించుతాడు. "ఏయ్, గాడ వెట్టురా. గివి తడిసినయ్, సగం తరుగే పోతది." కందులు తడిసిన జాడ లేదు, వాన పడి మూడు నెలలైంది. ముసలాయన ఏమీ అనడు, సేటు దగ్గరే ఎరువుల బాకీ ఉంది. పిల్లవాడు చూస్తూ ఉంటాడు. మధ్యాహ్నానికి వాడే తాత వయసున్న ఇంకో మనిషిని "ఏయ్, జరుగురా" అంటాడు. తండ్రి మందలించడు సరికదా, కొడుక్కి యాపారం వంటబడుతోందని మురిసిపోతాడు. పెద్దలను గౌరవించాలన్న పాఠం ఆ పిల్లవాడి తెలుగు వాచకంలో ఉంది. అది పరీక్షకు. ఇది బతుక్కు.

ఇంత తొందరగా వంటబడుతుందా అని అనుమానం రావచ్చు. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జేన్ ఎలియట్ అనే పంతులమ్మ తన మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి రెండు జట్లు చేసింది. ఒక రంగు కళ్లవాళ్లు తెలివైనవాళ్లని, రెండో రంగువాళ్లు తక్కువవాళ్లని చెప్పింది. ఆ రోజు గడవకముందే నిన్నటి దోస్తులు ఒకరినొకరు ఈసడించుకున్నారు. తక్కువ అనిపించుకున్న పిల్లలు చదువులోనూ తడబడ్డారు. పాపం, ఆమె దాన్ని ప్రయోగం అనుకుంది. మన దగ్గర దాన్ని పెంపకం అంటారు.

రెండో తరగతి బడిలో. "గోండికి లిపి లేదు" అని ఎందరో సార్లు ఎంతో నమ్మకంగా చెప్పారు. లిపి లేదంటే చరిత్ర లేదని, చరిత్ర లేదంటే తెలివి లేదని పిల్లలే లెక్క కట్టుకుంటారు. ఇంతలో మా జిల్లాలోనే నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో, గోండికి ప్రత్యేకమైన లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డాయి. 2018లో గుంజాల గోండి లిపిని యూనికోడ్‌లో చేర్చారు. కంప్యూటర్ గుర్తించింది. మా స్టాఫ్‌రూము ఇంకా ఆలోచిస్తోంది. గోండి తెలుగుకు దాయాది భాష, రెండూ ద్రావిడ కుటుంబానివే. చంద్రపూర్ కోట నుంచి గోండు రాజులు 18వ శతాబ్దం దాకా ఏలారు. ఇవేవీ సిలబస్‌కు అడ్డం రాలేదు.

డిగ్రీ సినిమా హాల్లో వస్తుంది. తెర మీద గూడెం అనగానే ఒళ్లంతా నల్లరంగు పులుముకున్న జూనియర్ ఆర్టిస్టులు, ఎముకల దండలు, అర్థంలేని కేకలు. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ అంత మోటుగా లేదు, అందులో మా గోండు వీరుడు కుమ్రం భీము హీరో. పులితో తలపడ్డాడు, కొరడా దెబ్బలు తిన్నాడు, మేమూ ఈలలు వేశాం. ఆఖర్న ఏం కావాలని ఇంకో హీరో రాముడు అడిగితే చదువు కావాలన్నాడు. వెంటనే రాముడు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాసిచ్చాడు. భీము అస్సాం తేయాకు తోటల్లో పనిచేసి, చదవడం రాయడం నేర్చుకొని వచ్చాడని ఇక్కడ ఎవరిని కదిపినా చెబుతారు. ఆ నినాదాన్ని ఆయనదిగానే తలుచుకుంటారు. అయినా ఆయన నినాదాన్ని ఆయనకు ఇంకొకరు రాసిపెట్టాల్సి వచ్చింది. కథ కల్పితమని ముందే వేశారు కాబట్టి దర్శకుడిని తప్పుపట్టలేం. ఏ కల్పన మనకు ఇబ్బంది లేకుండా గొంతు దిగుతుందో చూసుకుంటే చాలు.

ఇక పీజీ చేయించేది మా పత్రికలవాళ్లం. తిట్టడం మొరటు పని, మేం జాలిపడతాం. 'అమాయక గిరిజనులు', 'అడవి బిడ్డలు' అన్న హెడ్డింగులు మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వానాకాలంలో గర్భిణిని మంచం మీద వాగు దాటించిన ఫొటో వేసి, కింద అవగాహన లోపం గురించి రాస్తాం. వాగు మీద వంతెన కట్టాలన్న అవగాహన ఎవరికి లోపించిందో రాయం. అమాయకుడనే బిరుదులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. అమాయకుడు సొంతంగా ఏదీ అడగడు, అడిగాడంటే ఎవరో రెచ్చగొట్టినట్టే. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. భూముల కోసం సభ పెట్టుకుందామని వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవారు 13 మంది. గూడేలు ఆ లెక్కను నేటికీ ఒప్పుకోవు. భూమి పోయిన మనిషికి భూమి అడగాలని ఇంకొకరు చెప్పాలా?

అవమానం పడితే బుద్ధి వస్తుందని ఒక నమ్మకం ఉంది. మా ఉత్తర తెలంగాణ అనుభవం వేరు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి ఊళ్లకు ఊళ్లు గల్ఫ్‌కు పోయాయి. అక్కడ పని ఒకటే అయినా పాస్‌పోర్టును బట్టి జీతం మారుతుందని, పేరు పెట్టి పిలవరని, ఒక్కో గదిలో పది మందిని కుక్కుతారని మనవాళ్లు చెప్పని రోజు లేదు. దుబాయిలో మనమే గోండులం. సెలవు మీద ఇంటికొచ్చిన మూడో రోజుకే, పత్తి ఏరడానికి వచ్చిన కోలాం తెగ కూలీల మీద అదే గొంతు లేస్తుంది. 2013లో మన తెలుగు మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా అయితే, అక్కడ కొందరు నోరు పారేసుకున్నారని ఇక్కడ భగ్గుమన్నాం. ఆ ఛాయ అమ్మాయి మన పెళ్లి ప్రకటనల్లో మొదటి వడపోత దాటుతుందా అంటే మాత్రం మాట మార్చాం.

గోండులకు ఈ జబ్బు లేదని నేననను. తమ కథలను తరతరాలుగా కాపాడిన ప్రధాన్, తోటీ తెగలవాళ్లను తమకన్నా ఒక మెట్టు కిందే కూర్చోబెట్టారు. ఈ కోర్సుకు రిజర్వేషన్లు లేవు, అందరికీ సీటు దొరుకుతుంది.

మరి నేర్చింది మరచిపోవడం ఎట్లా? కలిసి ఉంటే అదే పోతుందని పెద్దలు చెబుతారు. తరతరాలుగా సంతలో కలుస్తూనే ఉన్నారు కదా! మధ్యలో తక్కెడ ఉంది, ఒకరు కుర్చీలో ఉన్నారు, ఒకరు నేల మీద ఉన్నారు. పరిచయం ఒక్కటే చాలదని, ఇద్దరూ సమానంగా నిలబడి ఒకే పని కోసం కలవాలని గార్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశాడు. దండారీ పండుగకు కారులో వెళ్లి, నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ నర్తకుడి భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగి రావడం ఈ లెక్కలోకి రాదు. మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చాక ఆ సెల్ఫీలు పెరిగాయి. సంతలో 'ఏయ్'లు తగ్గలేదు.

పని చేసిన మందు ఒకటుంది. అదీ మార్లవాయిదే. 1940లో జోడేఘాట్‌లో భీము నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. వియన్నాలో పుట్టినవాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు, బ్రిటిష్‌వాళ్ల దృష్టిలో శత్రుదేశస్థుడు. జాతుల హెచ్చుతగ్గుల పేరిట అతని ఖండం తగలబడుతున్న రోజులవి. ఈ మనిషి మార్లవాయిలో గుడిసె వేసుకొని, గోండి నేర్చుకొని, గోండులు చెప్పింది రాసుకున్నాడు. ఎవరూ రెచ్చగొట్టలేదు, భూములు పోయాయి, అదీ కారణం. 1943లో అదే ఊళ్లో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి, వేల ఎకరాలకు పట్టాలు వచ్చాయి. దొరలు వచ్చి ఉద్ధరించారన్న కథగా దీన్ని చదివితే మళ్లీ మొదటి తరగతికే. ఆయన చేసిన తెలివైన పని ఒక్కటే, గోండుల ముందు విద్యార్థిగా కూర్చోవడం. భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన అస్థికలు 2012లో ఆమె పక్కకే చేరాయి.

అంత దూరం మనం పోనక్కరలేదు. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశంవాళ్లు కాలినడకన తెచ్చిన గోదావరి నీళ్లతో పూజ చేస్తారు. హైమెండార్ఫ్ కాలంలో మొదలైన, గోండులు అధికారులకు గోడు చెప్పుకునే దర్బారు ఇప్పటికీ నడుస్తోంది. ఈసారి పిల్లలను తీసుకొని వెళ్లండి. వేదిక మీది కుర్చీలు అధికారులకు వదిలేసి, జనంలో కింద కూర్చోండి. ఒక పెద్దమనిషికి ముందుగా మీరే "రాం రాం" చెప్పి, 'మీరు' అంటూ తెలియనిది అడగండి. ఆయన చెబుతుంటే మధ్యలో సరిదిద్దకండి. జవాబు ముందే తెలుసన్న మొహం ఒక్కటి మాత్రం ఇంట్లోనే పెట్టి రండి.