లోడు బండి, ఖాళీ బండి

నేను కమాన్ కట్టలు, అంటే లారీల లీఫ్ స్ప్రింగులు, కట్టేవాడి కొడుకుని. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మా నాన్న నలభై ఏళ్ళు లారీల కింద పడుకుని పనిచేశాడు. బడి లేని రోజుల్లో ఆయన పక్కన కూర్చుని, విప్పిన కట్టలోని కమాన్లను పొడవు వరసలో పేర్చేవాణ్ణి. బరువు చక్రం మీదికి ఎలా దిగుతుందో పుస్తకాల కంటే ముందు ఆ షెడ్డే నాకు చెప్పింది. అలాంటివాణ్ణి, నలభై రెండేళ్ళ వయసులో, టెక్సస్‌లో నా కారు వెనక సస్పెన్షన్‌ను నా చేతులతోనే చెడగొట్టుకున్నాను. ఆ సంగతి తెలియని ఒక పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కారుని మలుపులోకి దూకించాను. ఇది రాయడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

కారు 2007 మస్టాంగ్ జీటీ. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 2005 నుంచి 2014 దాకా వచ్చిన ఆ తరం మస్టాంగ్‌లకు వెనక లారీలకున్నట్టే రెండు చక్రాలకూ కలిపి ఒకటే ఇరుసు హౌసింగ్. జీటీకి చక్రానికి చక్రం విడిగా ఆడే ఏర్పాటు 2015లో గానీ రాలేదు. కమాన్ల చోట కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. హౌసింగ్‌ను ముందుకీ వెనక్కీ పోకుండా కింద రెండు ఆర్ములు, పైన ఒకటి పట్టుకుంటాయి. పక్కకి జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ అనే అడ్డబద్ద కాస్తుంది. దాన్ని మొదటిసారి జాకీ ఎత్తి చూసినప్పుడు నాకు మా షెడ్డే కనిపించింది. అందుకే ఆ కారంటే నాకంత ప్రేమ.

కారు కిందికి ఉంటే అందంగా ఉంటుందని ముందుగా పొట్టి స్ప్రింగులు వేశాను. బాడీ దిగింది, హౌసింగ్ ఉన్నచోటే ఉంది. దాంతో కింది ఆర్ముల ముందు కొసలు వాలిపోయి, వెనక కొసలు పైకి నిలిచాయి. ఆ కారుతో డాలస్‌కి దక్షిణాన ఎన్నిస్‌లో ఉన్న టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌కి వెళ్ళాను. 1986లో తెరిచిన డ్రాగ్ ట్రాక్ అది, పావుమైలు పొడవునా కాంక్రీటే. పచ్చలైటు పడి క్లచ్ వదలగానే వెనక చక్రాలు నేలని పట్టకుండా టకటకా ఎగిరాయి. మొదటి అరవై అడుగులకు 2.14 సెకన్లు పట్టింది.

కారణం నాకు తెలుసు. గేరు పడగానే టైరు ముందుకు తోసే తోపు ముఖ్యంగా కింది ఆర్ముల గుండా బాడీకి చేరుతుంది. ఆర్ము వెనక కొస కిందికి, ముందు కొస పైకి ఉంటే ఆ తోపులో కొంత బాడీని పైకెత్తుతుంది. బాడీని ఎంత ఎత్తితే హౌసింగ్‌ను అంత నేలకి నొక్కుతుంది. స్ప్రింగు కుదించుకునేదాకా ఆగనక్కర్లేదు, ఆ క్షణమే టైరుకి పట్టు దొరుకుతుంది. దీన్నే ఆంటీ-స్క్వాట్ అంటారు. పొట్టి స్ప్రింగులతో నేను పోగొట్టింది సరిగ్గా దాన్నే. ఆర్ము వెనక కొసను కిందికి దించే బ్రాకెట్లు దొరుకుతాయి. తెచ్చి బిగించాను. వాటికి ఎత్తు మార్చుకోవడానికి మూడు రంధ్రాలున్నాయి. అన్నిటికంటే కింది రంధ్రంలో బోల్టు పెట్టాను.

అక్కడితో ఆగలేదు. కారు ముక్కు లేచి బరువు వెనక్కి రావాలని ముందు డాంపర్ల నాబ్‌లు పూర్తిగా మెత్తన చేశాను. ప్రొపెల్లర్ షాఫ్టు మెలికకి కుడి వెనక చక్రం తేలిపోతుంది కాబట్టి ఆ స్ప్రింగులో గాలిబుడ్డి పెట్టి నింపాను. యాక్సిలరేటర్ తొక్కితే హౌసింగ్‌లో షాఫ్టు కలిసే పినియన్ ముక్కు పైకి లేస్తుంది కనుక దాన్ని ముందే రెండు డిగ్రీలు దించి కట్టాను. కొలతలన్నీ ఖాళీ సీటుతోనే తీశాను. నా ఎనభై కిలోలు లెక్కలోకి రానేలేదు. ఏ మార్పూ పుస్తకంలో రాసుకోలేదు.

తర్వాతి వారం అరవై అడుగులు 1.89లో దాటాను. పావుమైలు 13.6 నుంచి 13.2కి దిగింది. ఆ టైముల చీటీని పర్సులో పెట్టుకుని తిరిగాను. నాలుగు మార్పులు ఒకేసారి చేశాక ఏది ఎంత పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం సస్పెన్షన్ అంతా నాకు వచ్చేసిందని నమ్మాను.

తర్వాత ఎనిమిది రోజులకి ఫోర్ట్‌వర్త్ దాటాక ఉన్న క్రెసన్‌లో రోడ్ కోర్సు మీద నడిపే రోజు. అక్కడ పక్క సీట్లో శిక్షకుడు కూర్చుంటాడు. నాకు కుదిరినాయన అరవై దాటిన మనిషి. అంతకుముందు రెండుసార్లు నాకు నేర్పినాయనే. బెల్టు బిగించుకుంటూ, "పోయినసారికీ ఇప్పటికీ కారులో ఏమైనా మార్చావా?" అని అడిగాడు.

"లేదండీ" అన్నాను.

ఎందుకన్నానో మూడేళ్ళుగా ఆలోచిస్తున్నాను. బయల్దేరే ముందు రాత్రి గరాజ్‌లో నాబ్‌లు వెనక్కి తిప్పాను, గాలిబుడ్డి ఖాళీ చేశాను. బ్రాకెట్లు మార్చాలంటే కిందికి దూరాలి, రెండు గంటల పని. ఆ రాత్రి బద్ధకించాను. చెబితే కారు నడపనివ్వరేమో అన్న భయం ఒకటి. నా కారు నాకు తెలుసులే అన్న పొగరు దానికంటే పెద్దది.

మూడో విడతలో, తొంభై మైళ్ళ వేగం మీద నుంచి బ్రేకు తొక్కి కుడి మలుపుకి తిరగాల్సిన చోట, వెనక చక్రాలు దడదడా కొట్టుకోవడం మొదలైంది. డ్రాగ్ ట్రాక్ మీద టైరుని నేలకి నొక్కిన ఆర్ముల వాలే బ్రేకులో తిరగబడుతుంది. అప్పుడు ఆర్ములు బాడీని కిందికి లాగి, హౌసింగ్‌ను నేల మీద నుంచి ఎత్తాలని చూస్తాయి. బెదిరి బ్రేకు వదిలి స్టీరింగ్ తిప్పాను. బాడీ ఎడమకి ఒరిగింది. అంత వాలులో ఉన్న ఆర్ముల వల్ల, ఒరిగినవైపు చక్రం వెనక్కి జరుగుతుంది, రెండోవైపుది ముందుకి జరుగుతుంది. అంటే హౌసింగ్ మొత్తం తనకు తానే మలుపు బయటికి తిరుగుతుంది. తోక విడిపోయింది. "క్లచ్చూ బ్రేకూ రెండూ తొక్కు!" అని ఆయన అరిచాడు. తొక్కాను. ఒకటిన్నర చుట్లు తిరిగి గడ్డిలో ఆగాం. టైర్ల గోడ ఆయన తలుపుకి పదిహేను అడుగుల దూరంలో ఉంది.

పిట్‌కి వచ్చాక ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కారు కిందికి చూశాడు. "ఈ బ్రాకెట్లు పోయినసారి లేవు" అన్నాడు. కోపంగా అనలేదు. నేను నిజం ఒప్పుకున్నాను. "కింది రంధ్రం తప్పు కాదు, తిన్నగా పోయే కారుకి అది కావాలి. నాకు చెప్పి ఉంటే బ్రేకు ముందే వేయించేవాణ్ణి. లేదా నేను ఎక్కేవాణ్ణి కాదు. ఎక్కాలో వద్దో తేల్చుకునే హక్కు నాది" అన్నాడు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారింది. అంతా విని ఆయన అడిగిన మొదటి మాట, "పక్కనాయనకి దెబ్బేమీ తగల్లేదుగా?" లేదన్నాను. కాసేపాగి, "మన షెడ్డులో రెండు కమాన్లు ఎక్కువ వేయమని ఎవడైనా వస్తే నేనేం చెప్పేవాణ్ణి?" అన్నాడు.

నాకు గుర్తుంది. వందసార్లు విన్నాను. లోడు మీద బాగానే ఉంటది, ఖాళీగా వచ్చేటప్పుడు ఎగిరెగిరి పడుద్ది, డ్రైవరుకి చెప్పి మరీ పంపు. ఓనరుకి కాదు, డ్రైవరుకి. బండి తీసుకోవడానికి వచ్చింది ఎవరైనా, ఆ డ్రైవరు మా షెడ్డుకొచ్చి తన నోటి నుంచి ఆ మాట విన్నాకే నాన్న తాళాలు ఇచ్చేవాడు. నేను కమాన్లు పేర్చడం నేర్చుకున్నాను. ఆ చివరి పని నేర్చుకోలేదు.

మర్నాడే మధ్య రంధ్రంలోకి బోల్టు మార్చాను. నా బరువంత ఇసుకమూటలు సీట్లో పెట్టి, చక్రాలు నేల మీద ఉండగానే అన్నీ మళ్ళీ కొలిచి బిగించాను. పాన్‌హార్డ్ రాడ్‌ను సవరించి హౌసింగ్‌ను నడిమధ్యకి తెచ్చాను. డ్రాగ్‌కి వెళ్ళేముందు కింది రంధ్రం, తిరిగొచ్చాక మధ్య రంధ్రం. రెండు గంటలు పడితే పట్టనీ. ఒకసారికి ఒకటే మార్పు. అరవై అడుగులు ఇప్పుడు 1.95. ఆ ఆరు వందో వంతులు పోతే పోయాయి.

అన్నీ ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఆరు నెలల తర్వాత మళ్ళీ ఆ పెద్దాయనే నాకు శిక్షకుడిగా కుదిరాడు. ఆయన తలుపు తెరవకముందే ఆ రోజు పేజీ తీసి చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో గీతగీతా చూస్తూ మొత్తం చదివాడు. ఆయన చదువుతున్నంతసేపూ నేను కారు పక్కనే నిలబడి ఉన్నాను. పుస్తకం మూసి నా చేతికిచ్చి, హెల్మెట్ పెట్టుకున్నాడు.