లూకాస్ కదండీ, అంతే! (సటీకాతాత్పర్యము)

మూలము

"లూకాస్ కదండీ, అంతే! బ్యాటరీ మార్పించేసి ఆల్టర్నేటర్ వేయించుకోండి."

అవతారిక

ఈ మహావాక్యం ఒకానొక ఆదివారం పొద్దున సికింద్రాబాద్‌లో, ఒక ఇరానీ హోటల్ ముందు, బానెట్ తెరిచి నిలబెట్టిన 1965 నాటి ఎంజీబీ కారు పక్కన ఆవిర్భవించింది. పలికినవారు పాతకార్ల పెద్దమనిషి. తలపై టోపీ, చేతిలో సాసరు, సాసరులో చాయ్. విన్నవాడు నా మిత్రుడు. కారు అతనిదే. రాత్రి హెడ్‌లైట్లు మసకబారి, పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకున్న దుఃఖమూ అతనిదే. వాక్యం పలకడానికి ముందు పెద్దాయన బానెట్‌లోకి తొంగిచూడలేదు, బెల్టును ముట్టుకోలేదు, మీటరుందా అని అడగలేదు. పురుషప్రయత్నం ఏమాత్రం లేకుండా వెలువడింది కనుక దీన్ని అపౌరుషేయంగా గ్రహించి వ్యాఖ్యానానికి పూనుకుంటున్నాను.

మన మెదకు సీమవాడైన కోలాచలం మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు టీకలు రాశాడు. మొదటి ఒట్టు నాకూ ఉంది. రెండోది నా వల్ల కాదు. ఆయన టీక రాసిన కావ్యాల్లో డైనమో లేదు.

ప్రతిపదార్థము

కదండీ: స్పష్టము. బ్యాటరీ: సుగమము. మార్పించేసి, వేయించుకోండి: ధనవ్యయమని తెలియునవి. మిగిలిన మూడు పదాలే విచారణీయములు.

లూకాస్: బర్మింగ్‌హామ్ వాస్తవ్యుడు జోసెఫ్ లూకాస్ అనునాతడు. 19వ శతాబ్దంలో తోపుడుబండి మీద దీపాలకు నూనె అమ్మాడు. తర్వాత దీపాలే తయారుచేసి, తన సైకిలు దీపానికి 'కింగ్ ఆఫ్ ద రోడ్' అని పట్టాభిషేకం చేశాడు. ఆయన కంపెనీ సామాను బ్రిటిష్ కార్లలోకి చేరాక, దారిలో ఆరిపోయిన దీపాలను చూసి ఎవరో చమత్కారి ఆయనకు 'చీకటి యువరాజు' అని మరో బిరుదు తగిలించాడు. తొలిసారి విన్నవాడు నవ్వి ఉంటాడు. ఇప్పుడది జోకుగా కూడా మిగల్లేదు, రోగనిర్ణయమైపోయింది. మద్రాసు పాడిలో 1961లో లూకాస్-టీవీఎస్ పుట్టిన దగ్గర్నుంచి ఆ పేరు మన మెకానిక్కులకు ఇంటిపేరంత పరిచయం. వాళ్ల నోట ఈ జోకు నేనెన్నడూ వినలేదు. పాడైతే విప్పుతారు, కార్బన్లు మారుస్తారు, బిగిస్తారు. జోకు వేసేది విప్పని వాళ్లే.

అంతే: ఇది ఈ మంత్రానికి బీజాక్షరం. దీని తర్వాత ప్రశ్న ఉండదు. కనుక ఇక్కడ కొంత శాస్త్రం అవసరం.

తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుమానం ఎలా చేయాలో చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేట్టు చెప్పాడు. కొండ మీద పొగ కనబడితే నిప్పుందని ఊహిస్తాం. ఆ ఊహ నిలవాలంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండి తీరాలి. దీన్ని తిరగేస్తే చెల్లదు. నిప్పుంది కాబట్టి పొగ ఉందనడానికి లేదు, ఎర్రగా కాలిన ఇనపముద్దకు పొగెక్కడిది? పెద్దాయన అనుమానం చూడండి. హేతువు లూకాస్, సాధ్యం చీకటి. లూకాస్ డైనమోతోనే దీపాలు దేదీప్యమానంగా వెలిగే కార్లు ఈ ఊళ్లోనే ఉండగా, హేతువు సాధ్యాన్ని వదిలి తిరుగుతోంది. సవ్యభిచారం. రెండో అనుమానం: కారు స్టార్ట్ కాలేదు, కాబట్టి బ్యాటరీ పోయింది. బ్యాటరీ నిక్షేపంగా ఉండి టెర్మినల్‌కు బూజు పట్టినా స్టార్ట్ కాదు, ఎర్త్ తీగ వదులైనా కాదు, సోలినాయిడ్ మొరాయించినా కాదు. మళ్లీ సవ్యభిచారం. హేత్వాభాసలు, అంటే తప్పుడు హేతువులు, ఐదుంటే మొదటిదానికే రెండుసార్లు దొరికిపోయారు. మిగతా నాలుగూ ఆల్టర్నేటర్ కోసం అట్టిపెట్టుకున్నట్టున్నారు.

విశేషము

ఎంజీబీ డాష్‌బోర్డు మీద చిన్న ఎర్రదీపం ఉంటుంది. దాని ఒక కొస ఇగ్నిషన్ స్విచ్ మీదుగా బ్యాటరీకి, రెండో కొస ఆ బ్యాటరీని చార్జి చేసే డైనమోకు. రెండు కొసల వోల్టేజీలో తేడా ఉంటే వెలుగుతుంది. ఇంజిన్ వేగం పెరిగి, డైనమో బ్యాటరీ స్థాయిని అందుకుని, కంట్రోల్ బాక్సులోని కటౌట్ కాంటాక్టు (సినిమాహాలు ముందు నిలబెట్టేది కాదు) మూసుకుందా, ఆరిపోతుంది. ఈ ఏర్పాటును ఇంజినీర్లు సాదాసీదాగా చూస్తారు గానీ, భేదం ఉన్నంతసేపే దీపం, అభేదం సిద్ధించిన క్షణాన నిర్వాణం! అద్వైతులు దీన్ని దృష్టాంతంగా ఎందుకు స్వీకరించలేదో తెలియదు. ద్వైతులు ఒప్పుకోరు. దీపం ఆరినంత మాత్రాన బ్యాటరీ డైనమో కాలేదు, ఇంజిన్ నెమ్మదిస్తే కాంటాక్టు విడిపోయి భేదం మళ్లీ ఎర్రగా వెలుగుతుంది కదా అంటారు. విశిష్టాద్వైతులు ఇద్దరినీ పక్కన పెట్టి ఫ్యాన్ బెల్టును చూపిస్తారు. అది తెగితే ఇటు డైనమోకూ దిక్కులేదు, అటు బ్యాటరీకీ గతిలేదు. కనుక శేషి బెల్టే, తక్కినవి శేషాలు. బొటనవేలితో నొక్కితే అరంగుళం మేర కుంగే బెల్టే శరణ్యమని వారి సిద్ధాంతం. ఈ విషయంలో నేను వారి పక్షం.

అయితే ఆ దీపం ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర మిణుకుమిణుకుమనడం వేదాంతం కాదు. డైనమోకు కనీస వేగం కావాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉంటే అది దాదాపు ఏమీ ఇవ్వదు. అప్పుడు లైట్లు, హారన్, బ్రేకు దీపాలు అన్నీ బ్యాటరీనే తింటాయి. అబింగ్డన్‌లో ఈ కారు తయారుచేసినవాళ్లు సాయంత్రం ఆరింటికి ప్యాట్నీ నుంచి ప్యారడైజ్ దాకా ఫస్ట్ గేరులో పాకడాన్ని ఊహించలేదు. ఈ ఊళ్లో రోడ్డు మీద కారు కన్నా సిగ్నల్ ముందు కారే ఎక్కువసేపు ఉంటుంది. దానికి బర్మింగ్‌హామ్ నూనె వ్యాపారిని తిట్టి ఏం లాభం?

ఆల్టర్నేటర్: ఇది ఐడిల్‌లోనూ చార్జి చేస్తుంది. అందువల్ల పెద్దాయన సలహాలో ఈ భాగం తప్పు కాదు. ఎంజీబీకి కంపెనీయే 1967 చివర డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టింది. కాకపోతే దాంతోపాటు ఇంకొకటి కూడా మార్చింది, పెద్దాయన ఆ సంగతి ఎత్తలేదు. 1965 కారుకు బాడీ ప్లస్సు, అంటే పాజిటివ్ ఎర్త్. తీగలు తిప్పకుండా ఆల్టర్నేటర్ తగిలిస్తే డయోడ్లు అక్కడికక్కడే కాలిపోతాయి. అప్పుడు కూడా లూకాసే కదా అంటారు. పైగా ప్రదర్శనకు తీసుకెళ్తే, ఈ పెద్దలే వంగి చూసి "డైనమో ఒరిజినల్ కాదే" అని పెదవి విరుస్తారు.

ఇక బజారు పరీక్ష ఒకటుంది. తీగ కొస బాడీకి తాకించి చుర్రుమనిపించి "కరెంటుంది" అనేది. ఉందని తెలుస్తుంది, ఎంతుందో తెలియదు. మీటరు తీసి నిండా చార్జి అయిన బ్యాటరీకి పెడితే, బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు 14 అటూ ఇటూ చూపించాలి. ఈ కొలత చూడకుండా బ్యాటరీ మార్పించడం అంటే ఐదారు వేలు హుండీలో వేయడమే.

తాత్పర్యము

చాయ్ అయిపోయాక రాణిగంజ్ నుంచి మేస్త్రీ వచ్చాడు. డైనమోకున్న రెండు తీగలూ పీకి, ఆ రెండు టెర్మినళ్లనూ ముక్క తీగతో కలిపి, మీటరు ఒక కొస అక్కడ, రెండోది బాడీకి పెట్టాడు. మా బ్యాటరీ లేస్తే గదా ఇంజిన్ తిరిగేది, అందుకని ఇంకో కారు నుంచి కేబుల్ వేసి స్టార్ట్ చేశాం. యాక్సిలరేటర్ కొద్దిగా ఇవ్వగానే ముల్లు 12 దాటి పైకి పోయింది. ఇంకా ఇవ్వబోతే "చాలు సార్, ఇప్పుడు దానికి కళ్లెం లేదు" అని ఆపించాడు. తర్వాత సీట్ల వెనక పలక ఎత్తాడు. అక్కడ ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు, వాటిని కలిపే కేబుల్ ఒకటి. ఆ కేబుల్ క్లిప్పు చుట్టూ తెల్లగా, ఆకుపచ్చగా వేలెడు మందాన పేరుకుంది.

"డైనమో మంచిగనే ఉన్నది సార్. కరెంటు వస్తున్నది, బ్యాటరీకి పోనీకే తొవ్వ లేదు."

వేడినీళ్లు, తినేసోడా, ఉప్పుకాగితం, చివర్లో కాస్త వ్యాజలీన్. బ్యాటరీలను చార్జింగుకు పెట్టారు. సాయంత్రానికి కారు లేచింది.

పాతకార్ల పెద్దలకు విన్నపం. ఎవరి కారైనా ఆగిపోతే ముందు బెల్టు నొక్కండి, క్లిప్పులు కదిపి చూడండి, మీటరు పెట్టండి. ఆ మూడూ చేశాక లూకాస్‌ను ఎంతైనా తిట్టండి, నేనూ కలుస్తాను.