చాయ్ బల్ల మర్యాదలు: పాతబస్తీకి కొత్తగా వచ్చిన వాదనాప్రియులకు

ముందు చాయ్ చెప్పండి. పాతబస్తీ ఇరానీ హోటల్లో చాయ్ చెప్పకుండా అభిప్రాయం చెప్పడమంటే టికెట్ లేకుండా రైలెక్కినట్టే. అటూ ఇటూగా ఓ ఇరవై రూపాయలు పెడితే మీకు కప్పూ సాసరూ వస్తాయి. బల్ల మీద మూరెడు చోటు, లోకంలో ఏ సంగతి మీదైనా తీర్పు చెప్పే హక్కు వాటితోపాటే దక్కుతాయి. తోడు మనిషి ఉంటే ‘వన్ బై టూ’ చెప్పండి. ఖర్చు సగం అవుతుంది, అభిప్రాయాలు రెండవుతాయి.

ఇక్కడి మర్యాదల్ని ఎవరూ రాసి పెట్టలేదు, చిక్కంతా అక్కడే ఉంది. ముంబై ఇరానీ హోటళ్లవాళ్లు ముందుచూపున్నవాళ్లు. ఏమేం చేయకూడదో బోర్డు రాయించి గోడకు తగిలించేవారు. అలాంటి ఒక జాబితాను చూసి నిస్సిం ఎజెకియల్ ఏకంగా కవితే రాశాడు. యజ్ద్ ప్రాంతం నుంచి బయల్దేరి ముంబై, పుణె మీదుగా హైదరాబాద్ చేరిన ఇరానీలు చాయ్ తెచ్చారు, వ్యాపారం తెచ్చారు, ఆ బోర్డును మాత్రం దారిలో ఎక్కడో దించేసినట్టున్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

చోటు చూసి కూర్చోవడం సగం విద్య. చార్మినార్ పక్కనే 1993 నుంచి ఉన్న నిమ్రాకు వెళ్లకండి. చాయ్ బాగోదని కాదు, అక్కడ ఎక్కువమంది నిలబడే తాగుతారు. నిలబడి మొదలుపెట్టిన వాదన నిలవదు, కప్పు ఖాళీ కాగానే జనం చెదిరిపోతారు. పైగా అక్కడ సగం మంది చార్మినార్ ముందు ఫోటో దిగడంలో ఉంటారు. మదీనా చౌరస్తా నుంచి శాలిబండ దాకా ఎక్కడైనా ఫ్యాను కింద నలుగురు కూర్చునే బల్ల చూసుకోండి. అప్పటికే ముగ్గురు కూర్చుని ఉన్న బల్లయితే మరీ మంచిది. ‘కూర్చోవచ్చా’ అని అడగక్కర్లేదు. ‘జరా జరుగు భాయ్’ అంటే చాలు.

కూర్చున్నాక వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినాలనిపిస్తుంది. వినకండి. రెండు నిమిషాలు విన్నారంటే మీరు చెప్పదలిచింది ముందే ఎవరో చెప్పేశారని తెలిసిపోతుంది, ఇక మీకు పనేముంటుంది? ఒక మాట చెవిన పడగానే అందుకోండి. ‘పెట్రోల్’ అని వినిపిస్తే పెట్రోల్ మీద దిగండి. వాళ్లు మాట్లాడుతున్నది పెట్రోల్ బంకు పక్కన అమ్మకానికి వచ్చిన ఇంటి గురించి అయినా సరే.

అవతలాయన చెప్పింది మీకూ నచ్చితే ‘హౌ’ అని ఊరుకోవడం చిన్నతనం. ఆయన చెప్పిందంతా మొదటి నుంచి చివరిదాకా మళ్లీ మీ నోటితో చెప్పి, ఆఖరున ‘హౌ’ అనండి. పక్కాయనకూ నచ్చితే ఆయన మీ ఇద్దరి మాటలూ కలిపి ఇంకోసారి చెప్పి అప్పుడు ‘హౌ’ అంటాడు. ఇలా ఒక్క అంగీకారంతో ముప్పావు గంట నడపవచ్చు. పాతబస్తీలో ఏకాభిప్రాయానికి పట్టినంత సేపు తగాదాకు పట్టదు.

మాట ఎంత చిన్నదైనా దాని ముందు వంశవృక్షం ఉండాలి. ‘మా తాత దేవిడీలో మున్షీగా చేసేటోడు’ అని ఎత్తుకున్నాకే ‘చాయ్‌లో చక్కెర ఎక్కువైంది’ అనాలి. తాత లేనివాళ్లు మేనమామతో సర్దుకోవచ్చు.

ఇక అసలు విద్య, విషయాన్ని వదిలేయడం. రామాయణంలో పిడకల వేట అని మనవాళ్లు ఎగతాళి చేస్తారుగానీ, ఈ బల్ల దగ్గర పిడకలే ముఖ్యం. ఎలాగో చూడండి. ప్లేటులో ఉస్మానియా బిస్కట్లు వచ్చాయి. ఒకాయన, ఇవి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన కోసం చేయించుకున్నవి అన్నాడు. ఇంకొకాయన, కాదు మియా, ఉస్మానియా దవాఖానాలో రోగుల కోసం పుట్టినవి అన్నాడు. ఈ రెండు కథలూ ఊళ్లో చలామణీలో ఉన్నవే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని రెండు వర్గాలవాళ్లూ సాధిస్తారు. మీరు ఏ పక్షమూ తీసుకోకండి. ‘దవాఖానా’ అన్న మాట పట్టుకోండి. ఆ బిల్డింగ్‌కు నక్షా గీసింది విన్సెంట్ ఎష్ అని చెప్పండి. 2020 జులైలో వార్డుల్లోకి వాన నీళ్లొచ్చాక పాత భవనానికి తాళం వేశారు కదా అని ఒకరు అందుకుంటారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్తదానికి పునాదిరాయి వేశారని ఇంకొకరు. నీళ్ల మాట వచ్చింది గనుక 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద దానంతటదే వస్తుంది. వరద వచ్చాక దవాఖానా ఆవరణలోని చింతచెట్టు రాకుండా ఉండదు. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది బతికారని చెబుతారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాది వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, ఆయన సలహాతో 1920 నాటికి కట్టిన ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్... అక్కడి నుంచి గండిపేట నీళ్ల రుచి. ఆ నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదిలిపోడన్న మాట ఒకరు అంటారు, వదిలి జెద్దాకో షికాగోకో పోయిన తమ్ముళ్లను అందరూ తలా ఒకరి చొప్పున లెక్కపెడతారు.

గౌలిపురా నుంచి వచ్చిన కుర్రాడు ఉన్నట్టుండి ‘మరి బిస్కట్ సంగతేంది కాకా?’ అంటాడు. అప్పటికి ప్లేటులో పొడి మాత్రమే ఉంటుంది. ఇలా అడిగేవాళ్ల వల్లే చర్చలు చెడిపోతున్నాయి.

వరద మాట వచ్చినప్పుడు మాత్రం ఒక్క జాగ్రత్త. అమ్జద్ హైదరాబాదీ పేరు ఎవరైనా ఎత్తితే కాసేపు అడ్డు రాకండి. రుబాయీల కవి. ఆ వరదలో తల్లి, భార్య, కూతురు ముగ్గురూ కొట్టుకుపోయారు, ఆయనొక్కడే మిగిలాడు. ఈ కథను పెద్దవాళ్లు చెప్పినప్పుడు వంశవృక్షాలూ తేదీలూ పనికిరావు. చాయ్ చల్లారినా ఫరవాలేదు, చెప్పనివ్వండి.

మెట్రో మీద మాట్లాడటానికి ఇంత చరిత్ర తెలియక్కర్లేదు, తేదీ చెప్పగలిగితే చాలు. 2017 నవంబర్‌లో నగరంలో మెట్రో మొదలైంది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చే లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, మూసీ ఒడ్డున పాతబస్తీని చూస్తూ ఆగిపోయింది. ఫలక్‌నుమాలో పునాదిరాయి పడింది 2024 మార్చి 8న. ‘రైలు ఎప్పుడొస్తుంది?’ అని ఎవరైనా అడిగితే తడుముకోకండి. ‘వచ్చే రంజాన్‌కు’ అనండి, లేదా ‘వచ్చే బోనాలకు’ అనండి. ఏ సంవత్సరమో చెప్పనవసరం లేదు. మీరు గట్టిగా చెప్పారు, నిజం చేసుకోవాల్సిన బాధ్యత రైలుది. దారుల్‌షిఫాలోనో శాలిబండలోనో రోడ్డు వెడల్పు కోసం ఇల్లో దుకాణమో పోతున్న ఆయన అదే బల్ల దగ్గర కూర్చుని ఉంటే మాత్రం తేదీ చెప్పకండి. ఆయనకు మీకంటే బాగా తెలుసు, ఆయన చేతిలో నోటీసుంది.

ఫోన్‌లో వీడియో చూపించేవాళ్లు ఫోన్‌ను అవతలాయన ముక్కుకు బెత్తెడు దూరంలో పెట్టాలి, సౌండ్ పూర్తిగా పెంచాలి. ఎప్పటిదని అడిగితే ‘పొద్దున్నదే’ అనాలి. నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, 2020 అక్టోబర్ వరదలో కార్లు కొట్టుకుపోయిన వీడియో ‘పొద్దున్నదే’ అయిపోతుంది. పత్తర్‌గట్టిలో చెప్పిన సంగతిని శాలిబండలో, లాల్‌దర్వాజాలో కూడా చెప్పి రావడం మంచి అలవాటు. దారిలో అంకె కొంచెం పెరుగుతుంది. పెరగనివ్వండి, నడిచినందుకు కూలి.

తిట్లు వద్దు. మనిషిని తిట్టడం మోటుతనం, అతను తాగే చాయ్‌ను తిట్టండి. ‘పౌనా తాగేటోనికి రాజకీయాలేం తెలుస్తయ్’ అంటే దెబ్బ తగులుతుంది, దోస్తీ చెడదు. హలీం ఏ హోటల్లో బాగుంటుందన్న దగ్గర మాత్రం ఈ సూత్రం పని చేయదు. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే అది హైదరాబాద్‌దేనని తేలింది. ఏ గల్లీదన్నది తేల్చే ధైర్యం ఏ కార్యాలయానికీ లేకపోయింది. రంజాన్ రాత్రి తరావీ నమాజు తర్వాత మొదలైన హలీం వాదన సహరీ దాకా సాగుతుంది. అందులో దిగాలనుకుంటే ఇంట్లో చెప్పి రండి.

జవాబు తోచనప్పుడు చాయ్‌ను సాసర్లో పోసుకోండి. నెమ్మదిగా పోయండి, అంచు దాకా. మీగడ ఒక పక్కకు జరిగేలా ఊదండి. రెండు చేతులా ఎత్తి పట్టుకోండి. సాసర్ పెదవుల దగ్గరున్న మనిషిని పాతబస్తీలో ఎవరూ తొందర పెట్టరు. ఈలోగా బల్ల మీద విషయం మారిపోతుంది, మీరు బయటపడతారు.

ప్రతి హోటల్లోనూ మూలన ఒక పెద్దమనిషి ఉంటాడు. ‘సియాసత్’ ఉర్దూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు, అన్నీ వింటాడు, ఒక్క మాట మాట్లాడడు. ఆయన్ని చర్చలోకి లాగాలని చూడకండి. ఆయన ఎప్పుడైనా నోరు విప్పితే ‘1971లో కాదు, 1969లో’ అనే అంటాడు. ఒక్క అంకెతో గంటసేపు కట్టిన మేడ కూలుతుంది.

చివరగా, అధికారం ఎవరిదో తెలుసుకోండి. గల్లా మీద కూర్చున్న సేఠ్‌ది అనుకుంటారు, ఆయనకు చిల్లర లెక్క తప్ప పట్టదు. అసలు పెత్తనం తడిగుడ్డ పట్టుకుని తిరిగే సర్వర్ భాయ్‌ది. ఖాళీ కప్పులు తీసుకుపోయాడంటే మొదటి హెచ్చరిక. మీ మోచేతులు లేపించి మరీ బల్ల తుడిచాడంటే రెండోది. మీ వాదన ఎంత గొప్పదైనా ఆ గుడ్డ వాసన ముందు ఆగదు. అప్పుడు మీ ముందు రెండే దారులు, లేవడమో, ఇంకో రౌండ్ చెప్పడమో. ఆయన ఫ్యాను కట్టేసి పక్క బల్ల మీద కుర్చీలు బోర్లించడం మొదలుపెట్టాక ఇక అప్పీలు లేదు. ఎవరు గెలిచారో తేలకపోయినా లేవాల్సిందే, నేను చూసినంతలో ఎప్పుడూ తేలలేదు కూడా.

బిల్లు దగ్గర అందరూ ఒకేసారి జేబులో చెయ్యి పెడతారు, ఎవరి చెయ్యీ త్వరగా బయటికి రాదు. మీరు తియ్యండి. మీ మాటకు అడ్డుపడ్డాయన చాయ్‌కీ, మూలనున్న పెద్దమనిషి చాయ్‌కీ కలిపి ఇచ్చెయ్యండి. రేపు వాళ్లిద్దరూ వేరే హోటల్‌కు పోతే మీరు మాట్లాడాల్సింది సర్వర్ భాయ్‌తోనే, ఆయనకు తీరికుండదు.