ఉద్యోగోద్వాసన వ్రతకల్పం

ఉద్యోగం సంపాదించే విద్య నేర్పడానికి హైదరాబాదులో అశోక్‌నగర్ ఉంది, అమీర్‌పేట ఉంది. పోగొట్టుకొనే విద్యకు మాత్రం ఒక్క కోచింగ్ సెంటరూ లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ చిన్న వ్రతకల్పం. రాజీనామా అంటే మూడు నెలల నోటీసు పీరియడ్ దేకాలి. దీనికి సోషల్ మీడియాలో ఒక్క పోస్టు, ఒక్క పూట చాలు. పురోహితుడు అక్కర్లేదు, మడి అసలే అక్కర్లేదు. మేనేజరు మొదలు నిన్న చేరిన ట్రైనీ వరకు అందరికీ అధికారం ఉంది. ఫలంలో మాత్రం మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, అది ఫలశ్రుతిలో చెబుతాను.

కావలసిన సామగ్రి: ఛార్జింగ్ ఉన్న ఫోను, కాస్త కోపం, దానికి రెట్టింపు తీరిక. ముందుగా ప్రొఫైల్ అలంకరణ. పేరు కింద కంపెనీ పేరు, హోదా రాసి, మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న ఫోటో పెట్టుకోవాలి. ఇది మరిచిపోతే మీ గురించి ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక జనం ఇబ్బంది పడతారు. దాని పక్కనే 'ఇక్కడి అభిప్రాయాలు పూర్తిగా నా వ్యక్తిగతం' అనే రక్షరేకు ఒకటి కట్టుకోండి. ఆ రేకు చూసి వెనక్కి తగ్గిన హెచ్‌ఆర్ మేనేజరు గురించి నేనెక్కడా వినలేదు. అయినా ఆచారం ఆచారమే.

ఇక ముహూర్తం. ఎక్కడో ఘోరం జరిగి జనం ఏడుస్తున్న వేళ శ్రేష్ఠం. 2011 మార్చిలో సునామీ వచ్చి జపాన్‌లో వేలమంది చనిపోతే, గిల్బర్ట్ గాట్‌ఫ్రీడ్ అనే అమెరికా హాస్యనటుడు ట్విట్టర్లో దాని మీద వరసగా జోకులు వదిలాడు. అఫ్లాక్ అనే బీమా కంపెనీ ప్రకటనల్లో బాతుకు గొంతు ఇచ్చేది ఆయనే. అప్పట్లో ఆ కంపెనీ వ్యాపారంలో దాదాపు నాలుగింట మూడు వంతులు జపాన్‌లోనే. బాతుకు కొత్త గొంతు వచ్చింది. జోకు చెడ్డదైనంత మాత్రాన సరిపోదని, మన జీతం ఎవరి జేబులోంచి వస్తుందో సరిగ్గా వాళ్ల మీదే పడాలని సాధకులు గ్రహించాలి. అంత గురి అందరికీ కుదరదు.

మన దేశంలోనూ సాధకులకు కొదవ లేదు. 2020 మార్చిలో, కరోనా కమ్ముకొస్తున్న రోజుల్లో, అందరం కలిసి బయటికెళ్లి నోరు తెరిచి తుమ్ముదాం, వైరస్ పంచుదాం అని బెంగళూరులో ఒక ఇన్ఫోసిస్ ఉద్యోగి పిలుపునిచ్చాడు. ఉద్యోగమూ పోయింది, పోలీసులూ వచ్చారు. అంతకు రెండేళ్ల ముందు, జమ్మూ కశ్మీర్‌లోని కఠువాలో ఎనిమిదేళ్ల పిల్లను చంపిన వార్త కింద, చచ్చిపోవడమే మంచిదైందన్న అర్థంలో కేరళలో ఒక బ్యాంకు ఉద్యోగి ఫేస్‌బుక్‌లో రాశాడు. జనం బ్యాంకు పేజీ మీద పడ్డారు. బ్యాంకు అతణ్ణి తీసేసింది. దీని మీద వెటకారం చేయడానికి నాకూ నోరు రావడం లేదు.

సంకల్పం చెప్పుకొనేటప్పుడు ఒక్క నియమం తప్పకూడదు. మన రాతను మన పదిమంది మిత్రులే చదువుతారని గాఢంగా నమ్మాలి. మన నోటిదురుసు తెలిసినవాళ్లు, మనం ఏది నవ్వుతూ అంటామో ఏది కడుపుమంటతో అంటామో ఎరిగినవాళ్లు. టీ కొట్టు దగ్గర అన్న మాట ఆ గ్లాసు కడిగేలోగా మరుగున పడుతుంది. ఫోనులో అదే మాటకు తేదీ, టైము, మన మొహం అంటుకొని ఉంటాయన్న ఆలోచన దరిదాపులకు రానివ్వకూడదు.

ఇప్పుడు అక్షతలు చేతిలోకి తీసుకొని కథ వినండి. పూర్వం, అనగా 2013 డిసెంబరు 20వ తేదీన, న్యూయార్కు మహానగరంలో ఒక ఇంటర్నెట్ కంపెనీకి ప్రజాసంబంధాల అధికారిణి ఉండేది. కంపెనీ పరువు పోకుండా మాటలు చూసుకోవడమే ఆమె కొలువు. ట్విట్టర్లో ఆమె అనుచరులు 170 మంది. లండన్‌లో కేప్‌టౌన్ విమానం ఎక్కబోతూ, ఆఫ్రికా వెళ్తున్నాను, ఎయిడ్స్ రాకపోతే బాగుణ్ణు, అయినా తెల్లదాన్ని నాకెందుకొస్తుంది అన్న అర్థంలో ఒక జోకు వదిలింది. ఎవరూ పలకలేదు. ఫోను కట్టేసి నిద్రపోయింది. పదకొండు గంటల ప్రయాణం. ఆమె ఆకాశంలో నిద్రిస్తుండగా భూలోకమంతా ఆ వాక్యాన్ని చదివేసింది. ఆమె దిగిందా, ఇంకా దిగలేదా అని హ్యాష్‌ట్యాగ్ పెట్టుకొని లక్షణంగా జాగారం చేసింది. ఏ విమానమో కనిపెట్టి, ఒకాయన ఏకంగా కేప్‌టౌన్ విమానాశ్రయానికి వెళ్లి ఆమె ఫోటో తీసి పెట్టాడు. ఏం ముంచుకొచ్చిందో లోకమంతటికీ తెలుసు, ఆమెకు తప్ప. మర్నాటికి కొలువు పోయింది. ఆమె అన్న మాట అసహ్యమైనదే. కానీ ఆ రాత్రి జాగారం చేసినవాళ్ల ఉత్సాహం నాకు అంతకంటే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న మనవారికి ఈ వ్రతం శీఘ్రఫలదాయకం. మతద్వేషం, వివక్షల మీద యూఏఈలో 2015 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. 2018 జూన్‌లో అతుల్ కొచ్చర్ అనే పేరుమోసిన చెఫ్ ఇస్లాం మీద ఒక ట్వీట్ చేసి, తీసేసి, క్షమాపణ చెప్పుకున్నాడు. అయినా దుబాయ్ మారియట్ హోటల్ ఆయనతో ఒప్పందం తెంచుకుంది. 2020 ఏప్రిల్‌లో, కరోనాను ముస్లింలే తెచ్చారన్న రాతల వల్ల అక్కడ భారతీయులు కొందరు ఉద్యోగాలు పోగొట్టుకుంటే, సాక్షాత్తు మన రాయబారే ట్విట్టర్లో బుద్ధి చెప్పాల్సి వచ్చింది. ఊళ్లో కూర్చున్న బావమరిది కాలక్షేపానికి పంపిన ఫార్వర్డ్‌నే, ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి దుబాయ్ వెళ్లిన జగిత్యాల కుర్రాడు తన పేరు మీద షేర్ చేస్తాడు. బావమరిదికి ఏమీ కాదు. కుర్రాడికి ఉద్యోగంతోపాటు వీసా, వీసాతోపాటు కంపెనీ ఇచ్చిన గది పోతాయి, అప్పు మాత్రం ఉంటుంది. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్నవారికి కొంత వెసులుబాటు: ఉద్యోగం ఊడాక మరొకటి చూసుకోవడానికి అరవై రోజుల దాకా గడువు. మళ్లీ వీసాకు దరఖాస్తు పెడితే, అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయమంటారు. 2019 నుంచి ఇదే పద్ధతి.

ప్రభుత్వోద్యోగులకు బూతు కూడా అక్కర్లేదు. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శిస్తే చాలు. కాకపోతే సస్పెన్షన్‌లో జీవనభృతి వస్తుంది గనుక వ్రతఫలం పూర్తిగా దక్కదు. ప్రైవేటువారు 'భావప్రకటనా స్వేచ్ఛ' అనే మంత్రం ఎంత గట్టిగా పఠించినా ఫరవాలేదు. రాజ్యాంగం 19వ అధికరణం ఆ స్వేచ్ఛను ప్రధానంగా సర్కారు నుంచి కాపాడుతుంది. మీ హెచ్‌ఆర్ సర్కారు కాదు.

పోస్టు పెట్టాక ఉత్తరపూజ. గొడవ మొదలవగానే తీసేయాలి, అప్పటికి స్క్రీన్‌షాట్లు నలభై గ్రూపులు దాటి ఉండాలి. తరవాత 'ఖాతా హ్యాక్ అయింది' అనాలి. అది అరిగిపోయిందనుకుంటే అమెరికా టీవీ నటి రోజాన్ బార్‌ను ఆదర్శంగా తీసుకోండి. ఒబామా సలహాదారుగా పనిచేసిన నల్లజాతి మహిళను కోతితో ముడిపెట్టి 2018 మే 29న ఆమె ట్వీట్ చేస్తే, ఏబీసీ టీవీ ఆమె పేరు మీద నడుస్తున్న సీరియల్‌ను ఆ రోజే ఆపేసింది. నిద్రమాత్ర మత్తులో రాశానంది ఆమె. మా మాత్రకు దుష్ప్రభావాలు ఉన్నమాట నిజమే, జాత్యహంకారం మాత్రం అందులో లేదని ఆ మందుల కంపెనీ జవాబిచ్చింది.

ఇక ఫలశ్రుతి. జేమ్స్ గన్ అనే దర్శకుడి పాత ట్వీట్లు ఎవరో తవ్వితీస్తే 2018 జులైలో డిస్నీ ఆయన్ను తీసేసింది. 2019 మార్చిలో మళ్లీ పిలిచి అదే సినిమా చేతిలో పెట్టింది. 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' మూడో భాగం 2023లో విడుదలైంది. ఆ మధ్యలో ట్వీట్లేమీ మారలేదు. ఆయన సినిమాలు తెచ్చే డబ్బు గుర్తొచ్చింది, అంతే. బాతు గొంతు మార్చినప్పుడు వేసిన లెక్కే ఇక్కడా వేశారు. కంపెనీలు దీనికి 'విలువలు' అని పేరు పెట్టుకుంటాయి.

ముప్పైవేల జీతగాడి విషయంలో ఆ లెక్క ఎప్పుడూ ఒకేవైపు తేలుతుంది. అతనికి రెండో పిలుపు రాదు. కొత్త కంపెనీ రిలీవింగ్ లెటరు అడుగుతుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు పంపుతుంది, పేరు గూగుల్‌లో కొట్టి చూస్తుంది. కొన్ని కంపెనీలు ఆ మూడో పని మొదటే చేస్తాయి.